పిలుపు లేని ఒడిబియ్యం

ఒడిబియ్యం ఎవరైనా దొంగచాటుగా వండుకుంటారా! పుట్టింటివాళ్ళు నిండుగా దీవించి ఆడపిల్ల ఒడిలో పోసిన బియ్యం... మంచిరోజు చూసుకుని, వాకిట్లో ముగ్గేసి, అయినవాళ్ళందరినీ పేరుపేరునా పిలిచి, బంతిలో కూర్చోబెట్టి వడ్డించాల్సిన బియ్యం! ఆ బియ్యాన్ని వందన ఆ ఉదయం తలుపు దగ్గరికి వేసుకుని చాటలోకి తీసింది. పసుపు పట్టించిన గింజలు వేళ్ళకు అంటుకున్నాయి. "తల్లీ, తప్పు కాయి!" అని లెంపలేసుకుంది. ఏ తల్లిని తలుచుకుందో ఆమెకే తెలియదు. పక్కనే ఆరేళ్ళ కూతురు మానస గిన్నె పట్టుకుని నిలబడి ఉంది. ఇంట్లో ఆ బియ్యం తప్ప మరో గింజ లేదు మరి!

ఏం చేస్తుంది పాపం! వందన భర్త బాలకిషన్ సిరిసిల్లలో ఒక సేటు కార్ఖానాలో సాంచాలు నడుపుతాడు. మరమగ్గాలను అక్కడ సాంచాలంటారు. నేసిన గుడ్డకు మీటరు చొప్పున కూలి. సాంచె ఆడితే ఆ పూట గడుస్తుంది, ఆగితే గడవదు. అంతే లెక్క! తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలైంది. ఆఫీసులు మూతపడ్డాయి, బస్సులు డిపోలు దాటలేదు, బొగ్గుబావుల్లో కార్మికులు పని మానేశారు. బొగ్గు లేక కరెంటు కరువైంది. వచ్చే కరెంటు ఎప్పుడొస్తుందో, ఎప్పుడు పోతుందో తెలియదు. సాంచాల మోతతో చెవులు పడిపోయే వాడ కాస్తా మూగబోయింది. బాలకిషన్ ఒక్కనాడూ విసుక్కోలేదు. పొద్దున్నే లేచి జెండా పట్టుకుని ఊరేగింపులకు వెళ్ళేవాడు. "తెలంగాణ రానీ వందనా, గీ బాధలన్నీ పోతయి" అనేవాడు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన ముఖం చూస్తే వందనకు ఏమీ అడగాలనిపించేది కాదు.

మధ్యాహ్నం కంచంలో పచ్చటి అన్నం చూసి బాలకిషన్ చెయ్యి ఆగిపోయింది.

"ఇయ్యి... మీ అన్న పోసిన ఒడిబియ్యమా?"

వందన తల ఊపింది.

"అయినోళ్ళను పిలువకుండ తింటే అరుగుతదా వందనా?"

"అరగకుంటే ఇంకా మంచిదే. రేపటిదాంక ఆకలి గాదు. తినుండ్రి!" అంది ఆమె నవ్వుతూనే. ఆ నవ్వు వెనకాల ఎంత ఏడుపుందో ఆయనకు తెలియదా! తలవంచుకుని తిన్నాడు. ఇద్దరూ మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

వందన అన్న శ్రీశైలం కోరుట్లలో ఉంటాడు. సర్కారు ఖజానా ఆఫీసులో గుమాస్తా. శ్రావణంలో కొత్త ఇల్లు కట్టుకుని గృహప్రవేశం చేశాడు. ఆ రోజే చెల్లెలిని పీట మీద కూర్చోబెట్టి, తల్లి సత్యవ్వ, వదిన గంగామణి, ఇంకా చుట్టాలందరూ ఎండుకొబ్బరి కుడుకలు, వక్కలు, కొత్త చీర పెట్టి ఒడి నింపారు. "మంచిగ వండుకోని మమ్ముల పిలువు వందనా! నీ చేతి పూర్ణం బచ్చాలు తినక శానా దినాలాయె" అని గంగామణి బుగ్గ గిల్లి పంపింది. వందన కూడా ఎన్ని అనుకుంది! వినాయక నిమజ్జనం కాగానే పిలవాలనుకుంది. అంతలోనే సమ్మె వచ్చింది, కరెంటు పోయింది, ఆ ముచ్చట వెనక్కి వెనక్కి జరిగింది. చివరికి ఇలా... గిన్నెడు గిన్నెడుగా పొయ్యి మీదికెక్కింది.

అన్నకు ఒక్క మాట చెబితే సరిపోయేది కదా అని మీరనవచ్చు. ఎలా చెబుతుంది? ఆయనా సమ్మెలోనే ఉన్నాడు. పని చేయనివాళ్ళకు జీతం లేదని సర్కారు తేల్చి చెప్పింది. నెల తిరిగినా అన్న ఇంటికి జీతం రాలేదని వందనకు తెలుసు. "ఆయనే పరేషాన్‌ల ఉన్నడు. మల్ల నా బరువొకటా!" అనుకుంది. దానికి తోడు భర్త ఇజ్జత్! మా ఇంట్లో పొయ్యి వెలగడం లేదని పుట్టింట్లో చెప్పుకోవడం కంటే పస్తుండడమే నయమనుకుంది పిచ్చి తల్లి.

కానీ అదే వాడలో మొగిలవ్వ ఉంది. రెండు ఇళ్ళకూ దూరపు చుట్టం. వాడంతా కరెంటు లేక అల్లాడుతున్నా మొగిలవ్వ సెల్లులో చార్జింగు మాత్రం ఎప్పుడూ అయిపోదు! ఆమె అటుగా పోతూ అరుగు మీద గిన్నె పట్టుకున్న మానసను చూసింది.

"ఏం తింటానవే పోరీ? బువ్వ గంత పచ్చగున్నది?"

"మా మేనమామ పోసిన బియ్యం!" అంది మానస గర్వంగా.

ఇంకేముంది! మొగిలవ్వ ఇల్లు చేరక ముందే ఆ కబురు కోరుట్ల చేరింది. "వందన ఒడిబియ్యం వండుకున్నది గద! మీరు రాకపోతిరి? పిలువలేదా ఏంది?" అని ఎంతో అమాయకంగా అడిగింది.

గంగామణికి ఆ మాట ఎక్కడో తగిలింది. ఆమె చెడ్డ మనిషేం కాదు, నోరే కాస్త దురుసు. జీతం ఆగినప్పటి నుంచి ఆమెకు ప్రతిదీ అవమానంగానే తోస్తోంది. పక్కింటామె పలకరించకపోయినా జీతం లేదనే, చుట్టాలు ఫోన్ చేయకపోయినా జీతం లేదనే. ఇప్పుడు స్వయానా ఆడబిడ్డ... ఒడిలో బియ్యం పోయించుకున్న ఆడబిడ్డ... విందుకు పిలవలేదు! వెంటనే ఫోన్ చేసింది.

"వందనా, ఒడిబియ్యం వండుకున్నవట! సిరిసిల్లంతా పిలుచుకున్నవో ఏమో, మేమే యాదికి రాలేదా? జీతం బందు కాంగనే మేం కానోళ్ళమైనమా?"

"అయ్యో, గట్ల గాదు వదినా..."

"మరెట్ల? వండుకున్నవా, లేదా? గది చెప్పు!"

లేదంటే అబద్ధం. అవునంటే కారణం చెప్పాలి! "వండిన వదినా... తప్పయింది" అంది ఎలాగో.

అంతలో ఫోన్ శ్రీశైలం తీసుకున్నాడు. చెల్లెలితో మాట్లాడకుండా "బావకియ్యి" అన్నాడు. బాలకిషన్ ఫోన్ చెవిన పెట్టుకున్నాడు. అవతలి గొంతు పక్కనే ఉన్న వందనకూ వినిపిస్తూనే ఉంది.

"ఏం బావా! మేం జీతాలిడిసిపెట్టి రోడ్ల మీద కూసున్నం. పెండ్లాం పిల్లలను అరిగోస పెట్టుకోని కొట్లాడుతున్నం. మీరు మాత్రం తలుపులేసుకోని విందులు చేసుకుంటరా? నీకు నేను గంత సులకనైతినా?"

బాలకిషన్ పెదవులు కదిలాయి. ఒక్క మాట చెబితే చాలు, అవతలి మనిషి కుప్పకూలిపోయేవాడు! కానీ ఆయన చెప్పలేదు. "నీ ఇష్టం బావా, ఎట్లనుకుంటె గట్ల" అని ఫోన్ భార్య చేతిలో పెట్టి, చెప్పులేసుకుని బయటికి వెళ్ళిపోయాడు. ఆ రోజు నుంచి ఆయన నోట బావ పేరు రాలేదు. వందనకు ఆకలి కంటే అదే ఎక్కువ భయమేసింది. ఆకలి నాలుగు రోజులుండి పోతుంది. ఈ ఇంటికీ ఆ ఇంటికీ మాటలు తెగిపోతే మళ్ళీ ఎవరు కలుపుతారు!

బతుకమ్మ వచ్చింది. వాడలో ఆడపిల్లలందరినీ అన్నదమ్ములు వచ్చి తీసుకెళ్తున్నారు. బస్సులు లేకున్నా మోటారు సైకిళ్ళ మీద, ఆటోల్లో ఎలాగోలా వస్తూనే ఉన్నారు. "మామ ఎప్పుడస్తడమ్మా?" అని మానస వీధి చివరకు పోయి చూసి వచ్చేది. శ్రీశైలం రాలేదు. ఎందుకొస్తాడు! తంగేడు పూలు తెచ్చి తొడిమలు తుంచుతూ వందన కుమిలి కుమిలి ఏడ్చింది.

కోరుట్లలో సత్యవ్వకు అన్నం సయించలేదు. ముసలామె రెండు రోజులు ఊరుకుని, మూడోనాడు చీర మార్చుకుని గడపలో నిలబడింది. "నా బిడ్డ తప్పు చేసినా నా బిడ్డే! నేను పోతాన్న" అంది. గంగామణి కూడా బయలుదేరింది. "నేనూ అస్త అత్తా. మొకాన్నే అడుగుత. గింత మాట కడుపుల పెట్టుకోని బతుకుడు నా తోని గాదు" అంది. రుద్రంగి దాకా ఒక ఆటో, అక్కడి నుంచి వేములవాడకు ఇంకో ఆటో, ఆపైన ఎవరిదో ట్రాక్టరు... ఒళ్ళు హూనమై మధ్యాహ్నానికి సిరిసిల్ల చేరారు.

తల్లిని, వదినను వాకిట్లో చూడగానే వందన గబగబా ఎదురెళ్ళింది. సంతోషం ముందు, భయం ఆ వెనకే! కాళ్ళకు నీళ్ళిచ్చింది, చాప వేసింది. బాలకిషన్ ఇంట్లో లేడు. కరెంటు వస్తుందేమోనని కార్ఖానా దగ్గర కాచుకుని ఉన్నాడు. ఇంత దూరం ఎండలో పడి వచ్చిన కన్నతల్లికి అన్నం పెట్టకుండా ఎలా ఉంటుంది? కుండలో చెయ్యి పెట్టింది. అడుగున మిగిలింది ఆ పసుపు బియ్యమే. ఆ పూటకు తనకూ, భర్తకూ, బిడ్డకూ దాచుకున్నది. రెండో ఆలోచన లేకుండా కుండ చాటలోకి బోర్లించింది! చింతపండు పులుసు కాచి, రెండు కంచాల్లో వడ్డించి తెచ్చింది.

"మీరు తినుండ్రి అవ్వా. మేం ఇంతకుముందే తిన్నం."

గంగామణి కంచం వైపు చూసి మూతి బిగించింది. "అబ్బో, మాక్కూడ మిగిల్చినవా! విందు అయినోళ్ళకు, అడుగుబొడుగు మాకు. మంచి మర్యాదే!" అంది. సత్యవ్వ "ఊకో గంగామణీ" అని గదమాయించింది. వందన కొంగు చేతికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ గోడకు ఆనుకుని నిలబడింది.

తలుపు చాటు నుంచి మానస కంచం వైపే చూస్తోంది. పిల్ల మీద కోపమేముంటుంది! "రాయే కోడలా, దూరం నిలవడ్డవేంది!" అని గంగామణి పిలిచి, దగ్గర కూర్చోబెట్టుకుని ఒక ముద్ద నోట్లో పెట్టింది. పిల్ల నమలకుండానే మింగింది. మళ్ళీ నోరు తెరిచింది. ఇంకో ముద్ద, మరో ముద్ద... గంగామణికి నవ్వొచ్చింది.

"ఇప్పుడే తిన్నరంట గద! గింత ఆకలేందే?"

"మేం తినలే అత్తా. మీరు తిన్నంక మిగిల్తె పెడుతనన్నది అమ్మ" అంది మానస.

"మానసా!" అని వందన అరిచింది. కానీ అప్పటికే ఆలస్యమైంది.

గంగామణి చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. మెల్లగా లేచి వంటింట్లోకి నడిచింది. ఒక్కో గిన్నె మూత తీసింది. కుండలోకి తొంగి చూసింది. ఉప్పు డబ్బా, కారం డబ్బా, కాసింత చింతపండు... అంతే! అక్కడ విందు జరిగిన జాడ ఎక్కడుంది! గోడ పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"వందనా... గీ బియ్యం... ఎన్నొద్దులసంది తింటాన్రే?"

"సాంచాలు ఆగి ఇంట్ల గింజలు అయిపోయినకాడి నుంచి వదినా..."

"ఓ తల్లీ! నాకొక్క మాట చెప్పకపోతివి! నేను నోటికచ్చినట్టు తిడుతాంటె నువ్వు తప్పయిందంటివి గని, ఆకలైతాందని అనకపోతివి!"

"ఏం పెడుతనని మిమ్ముల పిలువాలె వదినా?" వందన ఇక ఆపుకోలేకపోయింది. వెక్కి వెక్కి ఏడ్చింది. "అన్నకే జీతం లేకపాయె. మీరే తిప్పలవడుతుండ్రు, ఇంకా మేమేం చెప్పాలె!"

ఆ మాటతో గంగామణి ముఖం చిన్నబోయింది. తిప్పలు! తనకేం తిప్పలు? జీతం ఆగిందన్న మాట నిజమే. కానీ బియ్యం ఆగిందా? పాలు ఆగాయా? "లేదు వందనా... మేం తిప్పలవడలే" అంది నెమ్మదిగా. "కిరాణపు సేటు అడుగకముందే బస్తా ఇంటికి పంపిండు. సర్కారు నౌకరి ఎక్కడికి పోతది, జీతమచ్చినంకనే పైసలియ్యుండ్రి అన్నడు. నేను గది తినుకుంటనే మాకంటె కష్టపడ్డోళ్ళు లేరని ఏడిసిన..."

వందన కళ్ళు తుడుచుకుంది. ఆమె గొంతులో కోపం లేదు, దెప్పిపొడుపు లేదు. "అన్న చెప్పేటోడు గద వదినా, సర్కారు ఖజానాల లోటువడితే సర్కారు అప్పు తెచ్చుకుంటదని. మీ ఇంట్ల లోటువడితే సేటు ఇస్తడు. మా ఇంట్ల లోటువడితే ఎవలిస్తరు? సాంచె ఆగినోనికి అప్పు గూడ పుట్టది వదినా. కడుపుల్నే సర్దుకోవాలె."

సత్యవ్వ కంచం పక్కకు జరిపి బావురుమంది. "నా కొడుకు సదువు కోసం దీన్ని బడి మాన్పించిన! గంగామణీ, మీ మామ మగ్గం నేస్తాంటె, ఇది నూలు కండెలు చుట్టేది. గీ పోరి చుట్టిన కండెల మీదనే వాడు నౌకరి దాంక పోయిండు. ఇయ్యాల దీని బిడ్డ మన కంచంల మిగిల్తె తింటనంటాంది... నేనెందుకు బతికున్న దేవుడా!"

"ఊకో అవ్వా, ఊకో! నీకేమన్న అయితే నేనెట్ల బతుకుత!" అని వందన తల్లిని కావలించుకుంది. ముగ్గురు ఆడవాళ్ళూ ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు. మానసకేం అర్థమవుతుంది! వాళ్ళు ఏడుస్తుండగానే కంచం ముందుకు లాక్కుని తింటూ కూర్చుంది. అది చూసి ఏడుపులోనే సత్యవ్వకు నవ్వొచ్చింది. గంగామణి మిగిలిన అన్నమంతా ఒక్క కంచంలోకి తీసి, పులుసు కలిపి, వందనకు తన చేత్తో తినిపించింది. వద్దంటే వినలేదు. "నోరు తెరువు! ఇయ్యాల నువ్వు నా మాట ఇనకుంటె నేను ఊకోను!" అని బెదిరించి మరీ పెట్టింది.

ఆ తర్వాత ఫోన్ తీసి భర్తకు చేసింది. సమ్మె డేరాలో ఉన్నాడేమో, వెనకాల పాటలు, నినాదాలు వినిపిస్తున్నాయి. గంగామణి ఉన్నదున్నట్టు చెప్పింది. చివర్న, "మనం జీతాలిడిసిపెట్టినమని ఒర్రినవు గద, వీళ్ళు బువ్వ ఇడిసిపెట్టిన్రు. ఒక్కనాడన్న ఒర్రిన్రా?" అంది. ఆ మాటతోనే ఫోన్ పెట్టేసింది.

మరునాడే కోరుట్ల నుంచి ఆటోలో శ్రీశైలం పంపిన బియ్యం బస్తా, పప్పు, నూనె వచ్చాయి. బాలకిషన్ వాటిని చూశాడు. వద్దనలేదు, దించుకున్నాడు. బిడ్డ ముఖం చూసి ఎలా వద్దంటాడు! కానీ వందన "అన్నతోని ఒక్క మాట మాట్లాడరాదుండ్రి" అంటే మాత్రం తల అడ్డంగా తిప్పాడు. "బియ్యం అచ్చినయి వందనా. ఆయన అన్న మాట వాపసు రాలే గద" అన్నాడు. అంతే, ఇంకో మాట లేదు. వందన ప్రాణం మళ్ళీ ఉసూరుమంది.

సమ్మె ముగిసింది. బొగ్గుబావులు తెరుచుకున్నాయి, కరెంటు మెల్లమెల్లగా కుదుటపడింది. సమ్మె చేసిన రోజుల జీతం ఉద్యోగులకు అడ్వాన్సు కింద ఇస్తామని సర్కారు ఒప్పుకుంది. శ్రీశైలం చేతికి ఆ డబ్బు వచ్చింది. తోటి ఉద్యోగులంతా సంబరపడుతుంటే ఆయన వాళ్ళ సంఘం సమావేశంలో లేచి, సాంచాల మీది కూలీలకు పోయిన రోజుల మాటేమిటని అడిగాడట. ఖజానా లోటులో ఉంది, వాళ్ళకెక్కడి నుంచి ఇస్తారని ఎవరో నవ్వారట. ఆఫీసుకు వచ్చినవాళ్ళకు రోజూ తాను నోటితో చెప్పే మాటే అది! ఆ రోజు ఆ మాట తన చెవులకు ఎలా వినిపించిందో గాని, లేచి బయటికి వచ్చేశాడు. తెల్లారి మోటారు సైకిల్ మీద సిరిసిల్ల దారి పట్టాడు.

ఆయన వచ్చేసరికి వందన భర్తకు సద్ది పట్టుకుని కార్ఖానాకు బయలుదేరుతోంది. అన్నను చూసి వాకిట్లోనే ఆగిపోయింది. "బావ ఏడున్నడే?" అన్నాడు శ్రీశైలం. కళ్ళెత్తి చెల్లెలి ముఖం చూడలేకపోయాడు. ఇద్దరూ కలిసి నడిచారు. కార్ఖానా గుమ్మం దగ్గర ఆయన ఆగి, చెల్లెలి తల మీద చెయ్యి వేశాడు.

లోపల సాంచాలన్నీ ఆడుతున్నాయి. చెవిలో నోరు పెట్టి చెప్పినా వినపడని మోత! ఎన్నాళ్ళకో నిండుగా వచ్చిన కరెంటు... కూలీలు చెమటలు కక్కుతూ పరుగులు పెడుతున్నారు. పోయిన రోజులకు ఎవరూ కూలి ఇవ్వరు, ఈ రోజులను రెండింతలు చేసుకోవాలి. బాలకిషన్ తల ఎత్తి చూశాడు. వందన గుమ్మంలోనే నిలబడి చూసింది. తల తిప్పుకుంటాడా? వెళ్ళిపొమ్మంటాడా? ఇద్దరి మధ్యా ఉన్నది ఇవాళ్టితో తెగిపోతుందా? బాలకిషన్ క్షణం సేపు బావను చూసి, మెల్లగా చెయ్యి చాపి ఒక సాంచె ఆపాడు. పక్కనున్న రెండోదీ ఆపబోయాడు. వెతుక్కుంటూ వచ్చిన మనిషి మాట వినాలి కదా! కరెంటున్న వేళ, మీటరుకింత అని బతికే మనిషి తన కూలిని తానే ఆపుకుంటున్నాడు!

శ్రీశైలం ఒక్క అంగలో వెళ్ళి ఆ చెయ్యి పట్టుకున్నాడు. ఆగిన సాంచె వైపు చెయ్యి చూపించి అరిచాడు.

"ఆపకు బావా! నడిపియ్యి! నేనే గట్టిగ చెప్త!"

బాలకిషన్ తెల్లబోయి చూశాడు. శ్రీశైలం ఆ మోతను మించి, మెడ నరాలు ఉబ్బేలా అరవడం మొదలుపెట్టాడు.

"మాకు ఆగిన జీతం మల్లచ్చింది బావా! మీకు ఆగిన కూలి రాదు! గింత సదువుకోని గీ ముచ్చట నాకు తెల్వలే! నిన్ను పట్టుకోని విందులు చేస్తున్నవంటి! తప్పయింది బావా! నన్ను మాఫ్ చెయ్యి!"

పక్క సాంచాల మీది కూలీలు పనిచేస్తూనే మెడలు తిప్పి చూశారు. బాలకిషన్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆగిన సాంచె మళ్ళీ ఆడించి, బావ వైపు తిరిగాడు. ఎన్నాళ్ళకో ఆయన ముఖంలో పాత చిలిపితనం కనబడింది.

"ఇనవడుతలేదు బావా! ఇంకొక్కపారి చెప్పు!"

"తప్పయింది!"

"నెమ్మదిగ ఒర్రు! గంత గట్టిగ అంటె వాడకంతా ఇనవడ్తది!"

"ఇననియ్యి బావా!" శ్రీశైలం ఏడుస్తూనే అరిచాడు. "అందరిని ఇననియ్యి!"

గుమ్మంలో వందన సద్దిగిన్నె గుండెకు హత్తుకుని, కొంగు నోట్లో కుక్కుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. ఆ మోతలో ఆమె ఏడుపు ఎవరికీ వినపడలేదు. ఆ మోత ఆగకూడదని మాత్రమే ఆమె దేవుణ్ణి కోరుకుంది.